చార్మినార్ వెండి రూపాయి: డిజిటల్ కళలో నాణేనికి నిజమైన ఉపరితలం తీసుకురావడం ఎలా

డిజిటల్ చిత్రాల్లో కనిపించే నాణేల్లో చాలావాటికి రంగు సరిగానే కుదురుతుంది, మెరుపు ఉంటుంది, పైనున్న అక్షరాలు కూడా స్పష్టంగా చదవవచ్చు. అయినా అది ఏ చేతిలోనూ నలగని వస్తువని, ప్లాస్టిక్ బిళ్ళకు వెండి రంగు పూసినట్టుందని కన్ను వెంటనే పట్టేస్తుంది. గీసినవారు నాణేన్ని ఒక రూపంగా చూశారే తప్ప, దాని మీద ఒకదాని తర్వాత ఒకటిగా జరిగిన పనుల వరుసగా చూడకపోవడమే ఇందుకు కారణం. టంకశాలలో లోహపు రేకు నుంచి బిళ్ళ కోస్తారు, అచ్చుల మధ్య పెట్టి నొక్కుతారు, సంచుల్లో పోస్తారు. ఆ తర్వాత అది వేల చేతులు మారుతుంది, ఏదో ఒక పెట్టెలో ఏళ్ళ తరబడి నల్లబడుతుంది, ఒక పండుగ ముందురోజు ఎవరో దాన్ని తోముతారు. ఈ మార్గదర్శిలో పొరలన్నిటినీ దాదాపు ఆ వరుసలోనే వేస్తాం. వరుస తప్పితే, ఉదాహరణకు మురికి వేసిన తర్వాత అరుగుదల చేస్తే, ఎంత శ్రమపడినా ఫలితం అతుకులబొంతలాగానే ఉంటుంది.

ఉదాహరణకు హైదరాబాదు చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, అంటే 1911 నుంచి 1948 వరకు సాగిన పాలనలో, చలామణీ అయిన వెండి రూపాయిని తీసుకుంటున్నాను. ఉస్మానియా సిక్కా అని జనం పిలిచిన ఈ నాణేనికి ఒకవైపు నడుమ చార్మినార్ ఉంటుంది. రెండో వైపు విలువ, టంకశాల నగరం పేరు, పాలనా సంవత్సరం పారశీకంలో ఉంటాయి. చార్మినార్ బొమ్మ ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ కాలంలోనే, 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలో నాణెం మీదికి వచ్చింది. ఇద్దరి రూపాయలనూ వేరు చేసే గుర్తు కట్టడపు ద్వారంలో ఉంది: తండ్రి నాణెంలో ద్వారం నడుమ మీమ్ అనే అక్షరం, కొడుకు నాణెంలో అయిన్ అనే అక్షరం కనిపిస్తాయి. ఇంత చిన్న వివరాన్ని తప్పుగా వేసినా నాణేలు తెలిసినవారికి చిత్రం మొత్తం మీద నమ్మకం పోతుంది కనుక మొదటే చెబుతున్నాను. ఈ రూపాయిని ఎంచుకోవడానికి మరో కారణం, 1959లో చెల్లుబాటు ఆగిపోయిన తర్వాత కూడా ఇది తెలంగాణలో ఎన్నో ఇళ్ళ దేవుడి గదుల్లో, అమ్మమ్మల పెట్టెల్లో నిలిచి ఉండటం. కాబట్టి అరుగుదల, నలుపు, పసుపు కుంకుమల మరకలు అన్నీ నిజంగా ఎలా ఉంటాయో దగ్గరగా చూసే అవకాశం మనకు ఉంది.

పరికరాల విషయానికొస్తే, చిత్రాలు గీసి దిద్దే గింప్, త్రీడీ వస్తువులు తయారుచేసే బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ పనికి పూర్తిగా చాలు. గింప్‌కు బదులు క్రిటా వాడేవారికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది.

మొదటి అడుగు: కొలవడం

ఏ నాణెమైనా ముందు దాని వ్యాసం, బరువు, మందం రాసుకోండి. ఈ రూపాయి వ్యాసం సుమారు 30 మిల్లీమీటర్లు, బరువు 11.178 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. మిగిలింది రాగి అనుకుంటే ఈ మిశ్రమం సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 10.2 గ్రాములు, దాన్నిబట్టి లెక్క వేస్తే సగటు మందం 1.55 మిల్లీమీటర్లు వస్తుంది. నాణెం చేతిలో లేకపోయినా బరువు తెలిస్తే మందాన్ని ఇలా రాబట్టుకోవచ్చు. డిజిటల్ నాణేలు తరచుగా బిస్కెట్లంత మందంగా కనిపించడానికి కారణం ఈ చిన్న లెక్కను వదిలేయడమే.

కొలతతో పాటు మరో మూడు విషయాలు చూడండి. అంచు పక్కన ఎత్తుగా ఉండే గట్టు ఎంత వెడల్పు ఉంది, నాణేన్ని నిట్టనిలువుగా తిప్పితే రెండో వైపు బొమ్మ సరిగ్గా నిలబడుతుందా తలకిందులవుతుందా, అంచు మందం మీద గీతలుంటే అవి ఎన్ని అన్నవి ఆ మూడు. గీతలను ఓపికగా లెక్కపెట్టండి. ఆ సంఖ్య తర్వాత అవసరమవుతుంది.

రెండో అడుగు: నాలుగు వెలుగుల ఫొటోలు

ఈ పనిలో కొత్తగా దిగినవారు దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. నాణెం ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చి, నేరుగా ఎత్తుపల్లాల చిత్రంగా వాడతారు. ఫొటోలో తెల్లగా కనిపించేది ఎత్తైన చోటు కాదు, వెలుగు తగిలి మన వైపు తిరిగిన చోటు. నల్లగా కనిపించేది పల్లం కాకపోవచ్చు, గంధకంతో నల్లబడిన చదును నేల (బొమ్మ, అక్షరాలు లేని సమతలం) కావచ్చు. నా తొలి ప్రయత్నాల్లో నేనూ ఇలాగే చేశాను. మినార్ల ఎడమ పక్కలు గోడల్లా లేచి, కుడి పక్కలు గోతుల్లోకి దిగిపోయాయి. ఫొటో మనకు ఆధారంగా పనికొస్తుంది, అంతవరకే.

మంచి ఆధారం కావాలంటే కెమెరాను నాణేనికి నేరుగా పైన కదలకుండా నిలిపి, ఒకే దీపాన్ని తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం వైపుల నుంచి బాగా వాలుగా పెట్టి నాలుగు ఫొటోలు తీయండి. ఫోన్‌తో తీస్తే మరీ దగ్గరికి వెళ్ళకుండా, ఒక అడుగు దూరంలో ఉండి జూమ్ చేయడం మేలు. దగ్గర నుంచి తీస్తే వృత్తం ఉబ్బినట్టు వస్తుంది. ఇంట్లో స్కానర్ ఉంటే పని ఇంకా సులువు. చాలా స్కానర్లలో దీపం ఒకే పక్క నుంచి పడుతుంది కాబట్టి, నాణేన్ని ప్రతిసారీ 90 డిగ్రీలు తిప్పి నాలుగుసార్లు స్కాన్ చేసి, తర్వాత చిత్రాలను మళ్ళీ ఒకే దిశకు తిప్పుకుంటే నాలుగు వెలుగుల ఫొటోలు వచ్చినట్టే. 1200 డీపీఐ (అంగుళానికి 1200 చుక్కలు) దగ్గర స్కాన్ చేస్తే ఈ రూపాయి అడ్డంగా 1417 పిక్సెళ్ళు వస్తుంది, గీతలు వెంబడి గీయడానికి అది సరిపోతుంది. నాలుగు చిత్రాల సగటు తీస్తే నీడలు పోయి లోహపు రంగు, మరకలు మిగులుతాయి. ఎదురెదురు వెలుగుల చిత్రాల మధ్య తేడా తీస్తే వాలు ఎటు ఉందో తెలుస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటే ఏది మరక, ఏది ఎత్తు అన్న సందేహం తీరిపోతుంది.

మూడో అడుగు: అచ్చు దిగిన క్షణం

ఇప్పుడు హైట్ మ్యాప్ తయారు చేయాలి. ఇది తెలుపును ఎత్తుగా, నలుపును లోతుగా చదివే బూడిదరంగు చిత్రం. గింప్‌లో 4096 పిక్సెళ్ళ చదరపు కాన్వాస్ తెరిచి, ప్రెసిషన్‌ను తప్పనిసరిగా 16 బిట్‌కు మార్చండి. 8 బిట్ చిత్రంలో 256 మెట్లు మాత్రమే ఉంటాయి కనుక, నెమ్మదిగా వంగే ఉపరితలం మీద మెట్లు మెట్లుగా వలయాలు కనిపిస్తాయి; 16 బిట్‌లో 65,536 మెట్లు ఉంటాయి. కాన్వాస్ మధ్యలో 4000 పిక్సెళ్ళ వృత్తం గీస్తే ఒక మిల్లీమీటరుకు 133 పిక్సెళ్ళు పడతాయి. ఈ అంకెను ఎదురుగా రాసిపెట్టుకోండి. 0.1 మిల్లీమీటరు వెడల్పున్న గీత 13 పిక్సెళ్ళు అవుతుంది, వెంట్రుక కంటే సన్నని తోముడు గీత రెండు మూడు పిక్సెళ్ళు అవుతుంది. ఊహ మీద ఆధారపడకుండా ప్రతి గీతనూ కొలతతో వేయగలుగుతారు.

నలుపు 0, తెలుపు 1 అనుకుంటే, చదును నేలకు 0.35 బూడిద విలువ ఇవ్వండి. అంచు గట్టుకు 0.9, బొమ్మలో అన్నిటికంటే ఎత్తైన చోటుకు 0.8 ఇవ్వండి. గట్టు ఎప్పుడూ బొమ్మ కంటే కొంచెం ఎత్తుగా ఉండాలి. నాణేలను ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు బొమ్మలు రాసుకోకుండా కాపాడేది గట్టే.

చార్మినార్‌ను గీసేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. నాణెం మీది ఎత్తు నిజమైన లోతు కాదు, నొక్కి పల్చబరిచిన లోతు. ముందున్న రెండు మినార్లకూ మధ్యలోని కమానుకూ నిజంలో మీటర్ల కొద్దీ తేడా ఉండవచ్చు, నాణెం మీద అది మిల్లీమీటరులో కొద్ది వంతే. అందువల్ల కట్టడాన్ని మూడు నాలుగు పల్చని అంతస్తులుగా విడగొట్టండి: నేపథ్యపు గోడ, కమాను, మినార్లు, మినార్ల మీది చుట్టు వరండాలు. ఒక్కో అంతస్తుకు 0.1 తేడా చాలు. అక్షరాలను ఫాంటుతో టైపు చేయవద్దు. అచ్చు చెక్కినవారు పదాలను వృత్తంలో ఇమిడేలా ఒకదాని మీద ఒకటి ఎక్కించి, సాగదీసి చెక్కారు, ఆ కూర్పు ఏ ఫాంటులోనూ రాదు. ఫొటో మీద పాత్ టూల్‌తో వెంబడి గీయడం ఒకటి రెండు సాయంత్రాలు పట్టే పని, కానీ దీనికి దగ్గరిదారి లేదు. పారశీక లిపి చదవడం రాకపోతే, చుక్కలు ఎక్కడున్నాయో మరింత జాగ్రత్తగా చూడండి, ఒక చుక్క తేడా వస్తే అక్షరమే మారిపోతుంది.

అక్షరాల గోడలు నిట్టనిలువుగా ఉండవు. నొక్కిన తర్వాత అచ్చు లోహం నుంచి ఊడి రావాలి కాబట్టి గోడలన్నీ కొద్దిగా వాలుగా ఉంటాయి. ఈ వాలు కోసం చాలామంది చిత్రం మొత్తాన్ని బ్లర్ చేస్తారు, అప్పుడు అక్షరాల పైభాగం కూడా కరిగిన వెన్నలా మెత్తబడుతుంది. దానికి బదులు అక్షరాల తెలుపు నలుపు ఆకృతి మీద గింప్‌లోని డిస్టెన్స్ మ్యాప్ ఫిల్టర్ నడపండి; అది ప్రతి పిక్సెల్‌కూ అంచు నుంచి ఎంత దూరమో లెక్క కట్టి బూడిదరంగుగా చూపిస్తుంది. తర్వాత, బూడిద విలువలను ఒక రేఖతో మార్చే కర్వ్స్ పనిముట్టుతో మొదటి పది పదిహేను పిక్సెళ్ళలో వేగంగా పైకి లేచి, ఆ పైన దాదాపు చదునుగా, చాలా కొద్దిగా గుండ్రంగా సాగే రేఖ ఇవ్వండి. కొత్తగా ముద్ర పడిన అక్షరం అచ్చంగా ఇలాగే ఉంటుంది.

ఈ దశలో ఫైలును విడిగా దాచుకోండి. ఇది టంకశాల నుంచి అప్పుడే బయటికొచ్చిన నాణెం. ఇకపై చేసే ప్రతి మార్పూ దీని ప్రతి మీదే చేయాలి.

నాలుగో అడుగు: బ్లెండర్‌లో బిళ్ళ

నిజమైన పరిమాణంలో మోడల్ చేస్తే వస్తువు మరీ చిన్నదై కెమెరా దగ్గర ఇబ్బందులు వస్తాయి కాబట్టి, ఒక యూనిట్‌ను ఒక సెంటీమీటరుగా భావించండి. 128 పక్కల సిలిండర్ తీసుకుని వ్యాసం 3, మందం 0.155 ఇవ్వండి. పైముఖాన్ని ఒకే పెద్ద బహుభుజిగా వదిలేస్తే అది సమానంగా ముక్కలవదు; దాన్ని తీసేసి గ్రిడ్ ఫిల్‌తో చతురస్రాల జాలంగా నింపండి. పైనుంచి చూస్తూ ప్రొజెక్ట్ ఫ్రమ్ వ్యూతో యూవీ పరచండి, అంటే చిత్రంలో ఏ భాగం ముఖం మీద ఎక్కడ పడాలో నిర్ణయించండి.

హైట్ మ్యాప్‌ను ఇమేజ్ టెక్స్చర్ నోడ్‌లో (నోడ్ అంటే బ్లెండర్‌లో ఒక్కో పని చేసే పెట్టె) తెరిచి, కలర్ స్పేస్‌ను నాన్-కలర్‌కు మార్చండి. ఈ ఒక్క మార్పు మరిచిపోతే మీరు జాగ్రత్తగా ఇచ్చిన 0.35, 0.9 విలువలన్నీ వంకర పోతాయి. ఉపరితలాన్ని పైకీ కిందికీ జరిపే డిస్‌ప్లేస్‌మెంట్ నోడ్‌లో మిడ్‌లెవెల్ 0.35, స్కేల్ 0.04 పెట్టండి. అప్పుడు చదును నేల ఉన్నచోటే ఉంటుంది, గట్టు 0.22 మిల్లీమీటరు పైకి లేస్తుంది. రెండు వైపులా కలిపితే గట్టు దగ్గర మందం దాదాపు 2 మిల్లీమీటర్లు వస్తుంది. బ్లెండర్‌లోని సైకిల్స్ రెండర్ ఇంజిన్‌లో, ఉపరితలాన్ని అవసరమైనంత సన్నగా ముక్కలు చేసే అడాప్టివ్ సబ్‌డివిజన్ వాడితే దగ్గరి దృశ్యాలకు నిజమైన నీడలు పడతాయి. దూరం నుంచి కనిపించే నాణేలకు, ఆకారం మార్చకుండా ఎత్తుపల్లాల భ్రమ మాత్రమే కలిగించే బంప్ నోడ్ చాలు.

అంచు గీతలకు విడిగా ఒక పట్టీ యూవీ చేసి, ఒక గీత చిత్రాన్ని మీరు లెక్కపెట్టిన సంఖ్య మేరకు తిప్పి వేయండి. సంఖ్య పూర్ణాంకం కాకపోతే పట్టీ రెండు కొసలు కలిసే చోట సగం గీత మిగిలి అతుకు కనిపిస్తుంది.

ఐదో అడుగు: వెండి రంగు, ముద్ర మెరుపు

వస్తువు ఏ పదార్థమో నిర్ణయించే ప్రిన్సిపుల్డ్ షేడర్‌లో మెటాలిక్ (లోహమైతే 1, కాకపోతే 0) విలువ 1 ఉంచండి. స్వచ్ఛమైన వెండికి సాధారణంగా వాడే బేస్ కలర్ (మూలరంగు) విలువలు ఎరుపు 0.972, ఆకుపచ్చ 0.960, నీలం 0.915. ఇవి లీనియర్ విలువలు కాబట్టి ఆర్‌జీబీ గడుల్లోనే రాయాలి, హెక్స్ గడిలో కాదు. మన రూపాయిలో రాగి ఎక్కువే ఉంది కనుక వీటిని 0.95, 0.92, 0.86 వరకు దించితే కొద్దిపాటి వెచ్చదనం వస్తుంది. వెండిని బూడిదరంగుగా వేయడం మరో సాధారణమైన పొరపాటు. వెండి తనంతట తాను బూడిదరంగు కాదు. అది తన చుట్టూ ఉన్న చీకటిని చూపించడం వల్ల అలా అనిపిస్తుంది.

కొత్త నాణెం మెరుపుకు ఒక ప్రత్యేక స్వభావం ఉంది. అచ్చుల ఒత్తిడికి లోహం మధ్య నుంచి అంచుల వైపు జరుగుతుంది. ఆ ప్రవాహం కంటికి కనిపించనంత సన్నని ఆకుల గీతల్లా కేంద్రం నుంచి బయటికి ముద్ర వేస్తుంది. అందుకే కొత్త నాణేన్ని దీపం కింద వంచితే రెండు విసనకర్రల ఆకారంలో వెలుగు బండి చక్రపు ఆకుల్లా గిర్రున తిరుగుతుంది. దీన్ని బ్లెండర్‌లో తేవడానికి మెరుపును ఒక దిశలో సాగదీసే అనైసోట్రోపిక్ విలువ 0.6 ఇచ్చి, టాంజెంట్ నోడ్‌ను రేడియల్, జెడ్ అక్షానికి పెట్టండి. అనైసోట్రోపిక్ రొటేషన్‌ను 0 నుంచి 0.25కు మారిస్తే విసనకర్ర 90 డిగ్రీలు తిరుగుతుంది. మీ కొత్త నాణెం ఫొటోతో పోల్చి సరైనది ఎంచుకోండి. రఫ్‌నెస్ (గరుకుదనం, ఎంత తక్కువైతే అంత నునుపు) 0.18 దగ్గర మొదలుపెట్టండి. చేతిలో కొత్త రూపాయి లేకపోతే, బ్యాంకు నుంచి వచ్చిన ఏ మెరిసే కొత్త నాణెంలోనైనా ఈ తిరిగే వెలుగును చూడవచ్చు.

ఆరో అడుగు: అరుగుదల

ఇక్కడ తొందరపడకండి. అరిగిన నాణెం అంటే బ్లర్ అయిన నాణెం అనే అభిప్రాయం బలంగా ఉంది, కానీ లోహం కరగదు, రాపిడికి పైనుంచి కొద్దికొద్దిగా కొట్టుకుపోతుంది. ఎత్తైన చోట్లు ముందు పోతాయి, పల్లాలకు చాలాకాలం వరకు ఏమీ కాదు. హైట్ మ్యాప్ భాషలో చెప్పాలంటే, పైవిలువలను ఒక పరిమితి దగ్గర మెత్తగా కోసేయాలి. గింప్‌లో కర్వ్స్ తెరిచి 0.6 వరకు రేఖను ఉన్నట్టే ఉంచి, ఆ పైన వంచి 0.68 దగ్గర దాదాపు చదును చేయండి. చార్మినార్ వరండాల వివరాలు, మినార్ల గుండ్రదనం ముందుగా మాయమవుతాయి. ద్వారంలోని అయిన్ అక్షరం కమాను లోపల పల్లంలో ఉంటుంది కాబట్టి చాలాసేపు నిలుస్తుంది.

ఇక్కడ ఒక ఆశ్చర్యకరమైన విషయం గమనించండి. అక్షరాల గోడలు వాలుగా ఉంటాయని మూడో అడుగులో చెప్పుకున్నాం. వాలుగోడ ఉన్న అక్షరాన్ని పైనుంచి కోస్తూ పోతే దాని పైతలం వెడల్పవుతుంది, సన్నబడదు. అరిగిన నాణేల మీద అక్షరాలు లావుగా, బరువుగా కనిపించడం వెనక ఉన్న కారణం ఇదే. మీరు మూడో అడుగు సరిగ్గా చేసి ఉంటే ఈ లావు దానంతట అదే వస్తుంది. నిట్టనిలువు గోడలతో గీసి ఉంటే ఎన్ని కర్వ్స్ దిద్దినా రాదు.

కోసిన తర్వాతే ఒకటి రెండు పిక్సెళ్ళ బ్లర్ ఇచ్చి కొత్త పదును అంచులను మెత్తబరచండి. అరుగుదల నాణెమంతటా ఒకేలా ఉండదు కాబట్టి, పెద్ద మచ్చల నాయిస్‌తో (కంప్యూటర్ పుట్టించే క్రమంలేని మచ్చలు) ఒక మాస్క్ (మార్పు ఎక్కడ ఎంత పడాలో చెప్పే బూడిదరంగు చిత్రం) చేసి, కొన్నిచోట్ల కోత ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ చేయండి. అరిగిన రూపాయిలో గట్టు కూడా ఒక పక్క ఎక్కువ పల్చబడి ఉంటుంది.

ఉపరితలపు మెరుపు కూడా మారుతుంది. చలామణీ కాగానే ప్రవాహపు గీతలు చెరిగిపోయి చక్రపు వెలుగు ఆరిపోతుంది; చదును నేల మీద అనైసోట్రోపిక్ 0కు, రఫ్‌నెస్ 0.4కు చేరుతుంది. అక్షరాల మధ్య ఇరుకుల్లో మాత్రం రాపిడి తగలదు కనుక పాత మెరుపు కొద్దిగా మిగులుతుంది. ఎత్తైన చోట్లు వేళ్ళ రాపిడికి నునుపుదేరి 0.28 దగ్గర ఉంటాయి. ఈ తేడాలు చూపించడానికి ఎత్తు, పల్లాలను విడదీసే మాస్క్ కావాలి. హైట్ మ్యాప్ పొరకు ఒక ప్రతి తీసి, ప్రతిని 40 పిక్సెళ్ళు బ్లర్ చేసి, అసలు పొర మీద గ్రెయిన్ ఎక్స్‌ట్రాక్ట్ మోడ్‌లో పెట్టండి. నడిమి బూడిద కంటే తెల్లగా వచ్చినవి ఉబ్బులు, నల్లగా వచ్చినవి ఇరుకులు. ఈ ఒక్క చిత్రం తర్వాతి రెండు అడుగుల్లోనూ పనికొస్తుంది.

ఏడో అడుగు: దెబ్బలు, గీతలు

ఇంటర్నెట్‌లో దొరికే గీతల టెక్స్చర్‌ను నాణెం మీద పరిచేయడం వల్ల అది గీసుకుపోయిన ఫోన్ తెరలా తయారవుతుంది. నాణెం మీది దెబ్బలకు మూడు వేర్వేరు పుట్టుకలున్నాయి. సంచిలో వేరే నాణేల అంచులు తగిలినవి పొట్టిగా, లోతుగా, దిశ లేకుండా, ఎక్కువగా ఉబ్బుల మీద, విశాలమైన చదును నేల మీద ఉంటాయి. గీతల అంచు తగిలితే వరుసగా నాలుగైదు సమాంతర నొక్కులు పడతాయి. నేల మీద పడితే గట్టు నొక్కుకుపోతుంది, నొక్కిన లోహం పక్కకు ఉబికి చిన్న పెదవిలా నిలుస్తుంది. కాబట్టి నొక్కు పక్కనే కాస్త తెలుపు కూడా వేయాలి. మూడోది తోముడు. మన ఇళ్ళల్లో వెండిని విభూతితో తోమడం మామూలే. ఆ పొడి సన్నని గీతలను వంపులుగా, గుంపులుగా, చేయి తిరిగిన దిశలో వదులుతుంది. ఈ గీతలు అక్షరాల మీదుగా వెళ్ళి పక్కనున్న ఇరుకును దాటి అవతల మళ్ళీ మొదలవుతాయి, ఇరుకు లోపల ఉండవు. ఇందాక చేసిన మాస్క్‌తో ఇరుకుల్లో వీటిని చెరిపేయండి.

సంచి దెబ్బలను హైట్ మ్యాప్‌లో వేయండి, తోముడు గీతలను మాత్రం రఫ్‌నెస్‌లోనూ చాలా పల్చని బంప్‌లోనూ వేయండి. దెబ్బల సంఖ్య గురించి నా సలహా: సరిపోయాయనిపించిన తర్వాత సగం తీసేయండి.

ఎనిమిదో అడుగు: నలుపు, పసుపు, కుంకుమ

వెండి తుప్పు పట్టదు, గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్‌తో కలిసి వెండి సల్ఫైడ్‌గా మారుతుంది. ఆ పొర మొదట్లో వెలుగు తరంగంతో పోల్చదగినంత పల్చగా ఉంటుంది కాబట్టి సబ్బు బుడగ మీద రంగుల్లాంటి రంగులే వస్తాయి: ముందు ఎండుగడ్డి పసుపు, తర్వాత ఎర్రగోధుమ, ఆ తర్వాత ఊదా నీలం, చివరికి బూడిద నలుపు. ఈ వరుసను, విలువను రంగుగా మార్చే కలర్ ర్యాంప్‌లో అదే క్రమంలో పెట్టండి. ర్యాంప్‌కు ఇచ్చే విలువలో మూడింటిని కలపండి: కేంద్రం నుంచి దూరం, ఎందుకంటే కాగితపు కవర్లలో, అట్టల్లో ఉంచిన నాణేలకు రంగు తరచుగా అంచు నుంచి లోపలికి పాకుతుంది, పెద్ద మచ్చల నాయిస్, ఇరుకుల మాస్క్. కేంద్రం నుంచి దూరాన్ని టెక్స్చర్ కోఆర్డినేట్ నోడ్‌లోని ఆబ్జెక్ట్ విలువను వెక్టర్ మ్యాథ్ లెంత్‌కు ఇచ్చి రాబట్టవచ్చు. నాణేల కట్టకు రబ్బరు బ్యాండు చుట్టి దాచి ఉంటే, రబ్బరులోని గంధకం వల్ల అడ్డంగా ఒక నల్లని పట్టీ పడుతుంది. నాణేనికి ఒక గతం ఉందని చెప్పడానికి అలాంటి పట్టీ ఒక్కటి చాలు.

ఈ పొర లోహం మీది పల్చని తొడుగు కాబట్టి మెటాలిక్ 1గానే ఉండాలి, బేస్ కలర్ మాత్రమే మారాలి. నిండుగా నల్లబడ్డ చోట రఫ్‌నెస్ 0.5 వరకు పెంచండి. చేతులు తగిలే నాణెంలో ఉబ్బుల మీద ఈ పొర నిలవదు, అక్కడ ర్యాంప్‌ను తొలిరంగు దగ్గరే ఆపండి.

మురికి వేరే సంగతి. అది లోహం కాదు, కాబట్టి దానికి మెటాలిక్ 0, రఫ్‌నెస్ 0.85. అక్షరాల పాదాల దగ్గర, గట్టు లోపలి మూలలో, కమాను లోపల మాత్రమే వేయండి. పూజలో ఉంచిన రూపాయికి పసుపు కుంకుమలు ఇక్కడే చేరతాయి. లక్ష్మీపూజలో బొట్టు పెట్టి, తర్వాత గుడ్డతో తుడిచినప్పుడు చదును నేల మీది పొడి పోతుంది, చార్మినార్ ద్వారంలోనిది, అక్షరాల చుక్కల పక్కది ఉండిపోతుంది. పసుపు వెలుగుకు వెలిసిపోతుంది కనుక దాన్ని తాజా పసుపురంగులో కాక మట్టిరంగు కలిసిన పసుపులో వేయండి. పాత కుంకుమ కూడా ఎండిన గోధుమ ఎరుపుకు దిగుతుంది. నాణెం మొత్తంలో ఈ రంగులు రెండు మూడు శాతానికి మించకూడదు. నాణేన్ని తాయెత్తులా మెడలో వేసుకోవడానికి పైన కొక్కెం అతికించి ఉంటే, టాంకా వేసిన చోట వేడికి కరిగి మెత్తబడిన మచ్చ, దాని చుట్టూ వేరే ఛాయ కనిపించాలి.

తొమ్మిదో అడుగు: వెలుగు

లోహానికి సొంత రంగు తక్కువ, చుట్టూ ఉన్నదాన్ని చూపించడమే ఎక్కువ. ఖాళీ నల్లని దృశ్యంలో ఒకే దీపం పెట్టి వెండి నల్లగా వచ్చిందని టెక్స్చర్‌ను దిద్దడం వృథా శ్రమ. పాలీ హేవెన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే హెచ్‌డీఆర్ఐ (చుట్టూ ఉన్న వెలుగంతా పట్టుకున్న) చిత్రాల్లో కిటికీ ఉన్న గది ఒకటి తీసుకోండి. దానికి తోడు, నాణేనికి బాగా వాలుగా ఒక ఏరియా లైట్, ఎదురు పక్క ఒక తెల్లని పలక పెట్టండి. వాలు వెలుగు ఎత్తుపల్లాలను చూపిస్తుంది, పలక వెండిని వెండిగా చూపిస్తుంది. రెండర్ చేసేటప్పుడు చిత్రంలోని చుక్కలను తీసేసే డీనాయిజ్ తోముడు గీతలను కూడా తుడిచేస్తుంది, కాబట్టి దగ్గరి దృశ్యాలకు శాంపిల్స్ పెంచి డీనాయిజ్ తగ్గించండి.

త్రీడీ అవసరం లేని చిత్రకారులు మూడు, ఆరు, ఏడు అడుగులు పూర్తిచేసి, గింప్‌లోని బంప్ మ్యాప్ ఫిల్టర్‌తోనో క్రిటాలోని ఫాంగ్ బంప్‌మ్యాప్‌తోనో వెలుగు దిశను తమ చిత్రంలోని దీపానికి సరిపోయేలా పెట్టుకుని, పైన రంగులను చేత్తో వేసుకోవచ్చు.

ఇతర లోహాలు

రాగి నాణేనికి బేస్ కలర్ 0.955, 0.638, 0.538 దగ్గర మొదలుపెట్టండి. అయితే చలామణీ అయిన రాగి ఎప్పుడూ ఈ రంగులో ఉండదు, గోధుమరంగు పొర పడుతుంది, తేమ, ఉప్పు గాలి తగిలిన చోట పచ్చని చిలుము పడుతుంది. చిలుము లోహం కాదు, మెటాలిక్ 0. చింతపండుతో తోమిన రాగి ఉబ్బుల మీద గులాబీ ఛాయతో మెరుస్తుంది, మూలల్లో గోధుమ మిగులుతుంది. 1960ల నుంచి వచ్చిన పైసల అల్యూమినియం నాణేలకు 0.913, 0.922, 0.924, మెత్తని లోహం కావడంతో వాటి మీద దెబ్బలు వెండి మీద కంటే ఎక్కువగా, వెడల్పుగా వేయాలి. రాగి 75, నికెల్ 25 పాళ్ళ కుప్రోనికెల్ రాగి ఎక్కువున్నా తెల్లగానే ఉంటుంది, వెండి కంటే కొంచెం చీకటిగా, పసుపు తక్కువగా వేస్తే సరిపోతుంది.

దాచుకోవడం

హైట్ మ్యాప్‌ను 16 బిట్ పీఎన్‌జీగా, రంగును 8 బిట్‌గా, రఫ్‌నెస్, మెటాలిక్‌లను విడివిడి బూడిదరంగు చిత్రాలుగా దాచండి. నార్మల్ మ్యాప్ (వాలు దిశలను రంగులుగా దాచే చిత్రం) తీసి, ఆటల తయారీకి వాడే అన్‌రియల్ ఇంజిన్‌కు పంపేటట్లయితే ఆకుపచ్చ ఛానెల్‌ను తలకిందులు చేయాలి; బ్లెండర్ ఒక పద్ధతిని, అన్‌రియల్ దానికి ఎదురు పద్ధతిని పాటిస్తాయి. తలకిందులు చేయకపోతే అక్షరాలు పైకి ఉబికినట్టు కాక లోపలికి చెక్కినట్టు కనిపిస్తాయి. ఆటల్లో చిన్నగా కనిపించే నాణేలకు 1024 పిక్సెళ్ళు చాలు. అలా తగ్గించే ముందు తోముడు గీతల పొరను ఆపేయండి, లేకపోతే అవి కలిసిపోయి మసకలా మిగులుతాయి. కొత్త నాణెం, కొద్దిగా అరిగినది, బాగా అరిగినది, పూజలో ఉంచినది అని నాలుగు ఫైళ్ళు ఉంచుకుంటే, ఒక డబ్బు మూట గీయాల్సి వచ్చినప్పుడు వాటినే తిప్పుతూ, పక్కలు మారుస్తూ, నాయిస్ విలువ మారుస్తూ వందల రూపాయలను ఒకదానికొకటి పోలిక లేకుండా పరచవచ్చు.